ఒక్క అంకె తప్పితే జీతం లెక్క ఎటు పోతుంది?

ఆధార్ నంబరులో ఒక్క అంకె తప్పు కొట్టినా చాలా వెబ్‌సైట్లు అక్కడికక్కడే ఆపేస్తాయి. ఏ జాబితాతోనూ పోల్చి చూడవు. 12 అంకెల్లో చివరిది మిగతా 11 నుంచి లెక్కగట్టి పెట్టినదే. డచ్ గణితవేత్త వెర్‌హూఫ్ 1969లో ప్రచురించిన ఈ పద్ధతి ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. క్రెడిట్ కార్డులకు, కెనడా సిన్ నంబరుకు వాడే లూన్ పద్ధతి ఇంతకంటే సులువు. కాకపోతే 09 బదులు 90 పడితే దానికి తెలియదు. లెక్క కుదిరినంత మాత్రాన ఆ నంబరు నిజంగా ఎవరికో ఇచ్చినదని కాదు; ఇది టైపింగ్ తప్పులకే కాపలా, మోసగాళ్లకు కాదు.

మరి అమెరికాలో మన జీతం, పన్ను, పెన్షన్ ముడిపడి ఉన్న సోషల్ సెక్యూరిటీ నంబరుకు? ఆ అంకె లేనే లేదు. 1936లో మొదలైనప్పుడు కంప్యూటర్లు లేవు, సరే. 2011 జూన్ 25న కేటాయింపు విధానమే మార్చినప్పుడూ చేర్చలేదు. ఇప్పటికి ఇచ్చినవి 45 కోట్లకు పైనే. నిబంధనల ప్రకారం వీలయ్యేవి సుమారు 89 కోట్లు. అంటే పేరోల్‌లో ఒక అంకె జారితే అది ఇంకొకరి నంబరయ్యే అవకాశం దాదాపు సగం.

మనలో డేటాబేస్ పని చేసేవాళ్లు తక్కువేం కాదు కాబట్టి ఒక మాట. ఎస్‌క్యూఎల్‌లో చేయగలిగింది కొంతే. మొదటి మూడంకెలు 000, 666 లేదా 900 ఆపైన ఉన్నా, మధ్యవి 00 అయినా, చివరివి 0000 అయినా తిరస్కరించే చెక్ నిబంధనను టేబుల్ మీదే రాయాలి. వెబ్ ఫారంలోనే పెడితే ఎక్సెల్ నుంచి ఒకేసారి ఎక్కించే వరుసలు తప్పించుకుంటాయి. కాలమ్‌ను టెక్స్ట్‌గా ఉంచకపోతే 2011కు ముందు మసాచుసెట్స్‌లో తీసుకున్న నంబర్ల ముందు సున్నా మాయమవుతుంది. హెచ్-4 వారి ఐటిన్ 9తో మొదలవుతుంది, దానికి వేరే కాలమ్ ఉండాలి.

పేరు, నంబరు కలిశాయో లేదో తేల్చాల్సింది సోషల్ సెక్యూరిటీ శాఖే. యజమానులు అక్కడ ఉచితంగా సరిచూడొచ్చు. చూశారా అని అడగడంలో తప్పు లేదు. కలవని జీతాలు ఎవరి ఖాతాలోనూ పడకుండా విడిగా ఉండిపోతాయి. పెన్షన్‌కు 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి వచ్చేవి నాలుగే. భారత్‌తో అమెరికాకు సామాజిక భద్రతా ఒప్పందం లేదు గనుక అక్కడి సర్వీసు ఇక్కడ కలవదు. హెచ్-1బీ మీద పదేళ్లు లెక్కపెట్టుకుంటున్న వారికి ఒక ఏడాది గల్లంతవడం చిన్న విషయం కాదు.

దిద్దుబాటుకు గడువు సాధారణంగా ఆ ఏడాది ముగిశాక మూడేళ్ల మూడు నెలల 15 రోజులు. 2023 జీతానికి 2027 ఏప్రిల్ 15. డబ్ల్యూ-2లను శాఖ వెబ్‌సైట్‌లోని మీ సంపాదన పట్టికతో ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి.