వరద లెక్క ఎవరి చేతిలో?

2006 ఆగస్టులో తాపీ నది సూరత్‌ను ముంచెత్తింది. నిందను వానమీదికి నెట్టడం పాలకులకు సులువే. కానీ నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయ్ జలాశయంలో వరదకు చోటు చాలలేదు. దాదాపు 9 లక్షల క్యూసెక్కులు దిగువకు వదలవలసి వచ్చింది. నీటిని ముందునుంచే క్రమంగా వదిలి ఉంటే?

కంప్యూటర్ నమూనాలు ఈ ప్రశ్నను గేట్లు తెరవక మునుపే వేయగలవు. ఎగువన వాన, జలాశయ మట్టం, నది మోయగల ప్రవాహం, సముద్రపు పోటు: ఒకటి మారితే తక్కినవాటి లెక్కా మారుతుంది. అయితే నమూనా తీర్పు చెప్పదు. ఏది చేస్తే ఏమవుతుందో మాత్రమే చూపుతుంది. సేద్యానికీ విద్యుత్తుకూ ఎంత నీరు దాచాలి, నగర రక్షణకు ఎంత చోటు ఖాళీగా ఉంచాలి అన్నది రాజకీయ నిర్ణయం. దానికి సాంకేతికత ముసుగు తొడగడం కపటం.

ఎంత నీరు వదిలితే తన వీధి మునుగుతుందో తెలుసుకొనే హక్కు బమ్రోలి మరమగ్గాల కార్మికుడికి ఉంది. సూరత్ మగ్గాలను నమ్ముకొని వలసపోయిన తెలుగు నేతన్నలకూ ఉంది. కనుక నమూనా అంచనాలనూ, గేట్లు తెరిచే నియమాలనూ ఏటా వర్షాకాలానికి ముందే ప్రజల ముందుంచాలి. వాటిని దస్త్రాల్లో దాచే ప్రభుత్వానికి రేపటి వరదను దైవఘటన అనే అర్హత ఉండదు.