సంజాయిషీ వినకుండా రిజిస్ట్రేషన్ రద్దా?

మండల కేంద్రంలో సిమెంటు, ఇనుము అమ్ముకొనే వర్తకునికి జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ రద్దయితే దుకాణం మూతపడినట్లే. అతడు పన్ను బిల్లు ఇవ్వలేడు. ఆ బిల్లు లేకుంటే తాము కట్టిన పన్నును మినహాయించుకొనే వీలుండదు కనుక కాంట్రాక్టర్లు అతని గడప తొక్కరు. గుమాస్తాకు, హమాలీకి, బండి తోలేవానికి కూడా పని పోతుంది.

2017 జులై 1 నుంచి అమలులో ఉన్న ఈ చట్టం ప్రకారం, నెలనెలా రిటర్ను వేయవలసిన వర్తకుడు వరుసగా ఆరు నెలలు వేయకుంటే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు. అయితే అతని వాదన వినకుండా రద్దు చేయరాదని అదే 29వ సెక్షన్ చెబుతున్నది. నోటీసుకు జవాబివ్వడానికి 7 పనిదినాల గడువుంది. కాని నోటీసు కంప్యూటర్‌లో వస్తుంది. చాలామంది వర్తకులు లెక్కలు రాసే వ్యక్తి ఫోను నంబరునే ఇచ్చి ఉంటారు. సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

రద్దును తొలగించమని 90 రోజుల్లో దరఖాస్తు చేసుకోవచ్చు. కారణం చూపితే అధికారులు మరో 180 రోజుల వరకు గడువు పెంచవచ్చు. అప్పీలుకు మూడు నెలలు, ఆలస్యాన్ని మన్నిస్తే మరో నెల. అవీ దాటితే హైకోర్టులో రిట్ వేయడమే దిక్కు.

హైకోర్టులు ఇటువంటి వర్తకులను ఆదుకొన్న సందర్భాలున్నాయి. పాత రిటర్నులు వేసి పన్ను, వడ్డీ, ఆలస్య రుసుము చెల్లిస్తే రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలని మద్రాసు హైకోర్టు 2022 జనవరి 31న తీర్పు చెప్పింది. కారణం రాయకుండా ఇచ్చిన రద్దు ఉత్తర్వులను పలు హైకోర్టులు కొట్టివేశాయి. కాని చిన్న వర్తకుడు రాజధానికి తిరిగి, వకీలుకు ఫీజు ఇచ్చుకొని న్యాయం పొందేలోగా ఖాతాదారులు చేజారిపోతారు.

దొంగ బిల్లులు పుట్టించే బోగస్ సంస్థలపై కఠినంగా వ్యవహరించవలసిందే. జబ్బు చేసో, నష్టం వచ్చో రిటర్ను వేయలేకపోయిన వానిని అదే గాటన కట్టడం న్యాయం కాదు. దుకాణం మూయించి పన్ను బకాయి అడగడం, గేదెకు మేత మాన్పించి పాలు పిండబోవడమే.

రద్దుకు ముందు తెలుగులో నోటీసును తపాలా ద్వారా పంపి, వర్తకుని పిలిపించి మాట్లాడితే చాలా కేసులు కోర్టు దాకా పోవు. అధికారులు ఈ పని చేయాలి. వర్తకులు సైతం తమ సొంత ఫోను నంబరు నమోదు చేయించుకోవాలి. అమ్మకం లేని నెలలోనూ ‘నిల్’ రిటర్ను తప్పక వేయాలి.