నకలు మిగిలింది, అసలు పోయింది

“డిస్కు మీద రాయించేశాం, ఇక వందేళ్ళ దాకా భయం లేదు” అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి కావడమే అందుకు కారణం. అనడంతో ఆగక, నలుగురికీ నేర్పాను కూడా. కనుక ఈ రాత సగం ఫిర్యాదు, సగం ప్రాయశ్చిత్తం.

మా అక్క పెళ్ళి 1996లో జరిగింది. మూడు గంటల వీహెచ్ఎస్ క్యాసెట్టు. రెండో గంటలో, తలంబ్రాలు అయ్యాక, మా నాయనమ్మ పాడిన మంగళహారతి ఉంది. ఆవిడ గొంతు మా ఇంట్లో మరెక్కడా లేదు. 2003లో టేపుకు బూజు పడుతోందని ఒక వీడియో దుకాణంలో ఇచ్చి మూడు వీసీడీలు చేయించాం. దుకాణదారు క్యాసెట్టు తిరిగి ఇవ్వబోతే “ఇంకెందుకులెండి, పడేయండి” అన్నది మరెవరో కాదు, నేనే.

ఆ రోజు ఏం పారేశానో అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మన టీవీ పద్ధతిలో బొమ్మకు 576 గీతలు. వాటిని సరిబేసి గీతలుగా విడదీసి సెకనుకు 50 సార్లు చూపిస్తారు. వీసీడీలో బొమ్మ 352×288, సెకనుకు 25. అంటే సగం గీతలు, సగం కదలిక అక్కడే రాలిపోయాయి. మిగిలినదాన్ని పాటల సీడీ తిరిగే వేగానికి సరిపడేలా, సెకనుకు 1150 కిలోబిట్లకు కుదించారు. రాలే తలంబ్రాల వంటి సన్నని కదలికలే ఈ కుదింపుకు లొంగవు. మా అక్క తలమీద బియ్యం బదులు బూడిదరంగు గళ్ళు రాలుతున్నాయి.

అంతటితో ఊరుకోలేదు. 2008లో కొత్తగా డీవీడీ రైటరు కొన్న ఉత్సాహంలో ఆ మూడింటినీ కలిపి ఒక్క డీవీడీ చేశాను. బొమ్మను 720×576కి సాగదీసి మళ్ళీ కుదించాను. నీళ్ళు కలిసిన పాలలో మరో చెంబెడు నీళ్ళు పోసి, గిన్నె పెద్దదైందని మురిసిపోవడమన్నమాట. నిజానికి డీవీడీ ప్రమాణం ఆ 352×288 బొమ్మను ఉన్నదున్నట్టే ఒప్పుకుంటుంది. ధ్వనిని 44.1 కిలోహెర్ట్జ్ నుంచి 48కి మారిస్తే సరిపోయేది, బొమ్మను తాకే పనే లేదు. ఈ సంగతి తెలియకుండానే “ఎలా చేయాలంటే” అని ఇతరులకు పాఠాలు చెప్పాను. వీసీడీలు పిల్లల అట్టబండ్లకు చక్రాలయ్యాయి.

ఈమధ్య ఆ డీవీడీ తీసి పెడితే, హారతి పాట మొదటి చరణం పూర్తికాగానే బొమ్మ ముక్కలై ఆగిపోయింది. ఎన్ని డ్రైవుల్లో పెట్టినా అంతే. దుకాణంలో కొన్న సినిమా డిస్కులో సమాచారం అచ్చుపోసిన గుంటల్లో ఉంటుంది. మనం ఇంట్లో రాసుకున్న డిస్కుల్లో చాలావాటికి ఉండేది రసాయన రంగుపూత, దానిమీద లేజరు పెట్టిన మచ్చలు మాత్రమే. ఎండా వేడీ తగిలితే ఆ రంగు చెడుతుంది. పైనుంచి చూస్తే డిస్కు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది!

“ఆ రోజుల్లో ఇంకేం చేయగలం?” అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డీవీ పద్ధతిలో ఎక్కిస్తే గంటకు దాదాపు 13 గిగాబైట్లు. మూడు గంటల పెళ్ళి 2003 నాటి మామూలు హార్డ్ డిస్కులో చాలా భాగాన్ని తినేసేది. కానీ క్యాసెట్టును పొడిగా బీరువాలో ఒక మూల నిలబెట్టడానికి ఏ గిగాబైట్లు కావాలి? బూజు తుడిపించవచ్చు, పారేసినదాన్ని ఏం చేయగలం? మన తప్పు సాంకేతికతది కాదు. చూసుకోవడానికి చేసిన నకలును దాచుకోవలసిన అసలుగా భ్రమపడ్డాం. తప్పంతా అక్కడే ఉంది.

డిస్కును నేను తిట్టడం లేదు. మా అమ్మ పళ్ళెంలో డిస్కు పెట్టి, రిమోటు మీద ఒక్క బొత్తాం నొక్కి, ఎవరినీ అడగకుండా కూతురి పెళ్ళి చూసుకుంది. డీవీడీ పుట్టింది అందుకే, ఆ పని చక్కగా చేసింది. భద్రపరచడం దాని నెత్తిన పెట్టినవాళ్ళం మనం.

“ఇప్పుడు డిస్కులెవరు వాడుతున్నారు?” అని కొట్టిపారేయకండి. జపానులో ఫునాయ్ సంస్థ వీసీఆర్ల తయారీ 2016లో ఆపేసింది. సోనీ 2025లో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. పెట్టెలు మారాయి కానీ బుద్ధి మారలేదు. ఫోనులో తీసిన వీడియోను కుదించి బంధువులకు పంపి, “అందరి దగ్గరా ఉందిగా” అని అసలును తుడిచేసేవాళ్ళు నాకు రోజూ కనిపిస్తున్నారు. వాళ్ళలో 2003 నాటి నన్ను చూసుకుంటున్నాను.

కాబట్టి ఒక మాట. మార్చినదాన్ని మళ్ళీ మార్చవద్దు. అసలు ఫైలును తాకకుండా రెండు వేరువేరు చోట్ల ఉంచండి; చూసుకోవడానికి ఎన్ని నకళ్ళయినా చేసుకోండి. ఇంట్లో పాత డిస్కులుంటే వాటిలోని వీఓబీ ఫైళ్ళను ఏ మార్పూ లేకుండా హార్డ్ డిస్కుకు ఎక్కించండి. వీఎల్సీ వాటిని అలాగే ఆడిస్తుంది. “రాయడం పూర్తయింది” అన్న సందేశాన్ని నమ్మకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి ఆడించి చూడండి.

ఈ ఆదివారం అటక మీది ఆ డిస్కుల సంచి దించండి. తెరుచుకుంటే ముందు నకలు తీయండి, ఆ తర్వాతే చూడండి. నా దగ్గర మా నాయనమ్మ హారతి ఒక్క చరణమే మిగిలింది. మీ దగ్గర ఎంత మిగిలిందో చూసుకున్నారా?