సేవ చదువుకు చేటా?

విద్యా సంవత్సరం ఆరంభం కాగానే, జాతీయ సేవా పథకంలో చేరదలచినవారు తమ పేర్లు నమోదు చేసుకోవలసిందని నోటీసు బోర్డుపై ప్రకటన వెలువడుతుంది. ఆ సాయంత్రమే మా ఇళ్ళలో చర్చ మొదలవుతుంది. కొందరి ఇంట అబ్బాజాన్, కొందరి ఇంట నాన్నగారు, అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "నిన్ను కాలేజీకి పంపింది చదువుకోవడానికా, వీధులు ఊడ్వడానికా?" ఆ మాటలో కోపం కంటే భయమే అధికం. మాలో అనేకులు తమ వంశంలో కళాశాల గడప తొక్కిన తొలి తరంవారు. ఒక్కసారి పరీక్ష తప్పితే మరొక సంవత్సరం చదివించే స్తోమత ఆ ఇళ్ళకు లేదు. కనుక ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉన్నది.

ముందుగా కాలం లెక్క చూద్దాం. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో ఈ పథకం ప్రారంభమయింది. ఇందులో చేరినవారు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలన్నది నియమం. పంచి చూస్తే వారానికి సుమారు రెండుంబావు గంటలు. ఒక సినిమాకు పట్టే కాలం. దీనికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. అరచేతిలోని ఫోనుకు మేము రాత్రిపూట సమర్పించుకునే గంటలతో పోల్చితే ఇది ఏపాటిది?

ఇక లాభం మాట. బస్తీలో పిల్లలకు సాయంత్రం పాఠం చెప్పబోయిన బి.ఎస్సీ. విద్యార్థి, భిన్నాల కూడికను ఎందుకు అలా చేయాలో చెప్పలేక తడబడతాడు. తనకు పద్ధతి వచ్చునే గాని కారణం తెలియదని ఆ క్షణాన గ్రహిస్తాడు. మరునాడు పుస్తకం తెరిచే తీరే మారుతుంది. ఒక వృద్ధురాలికి బ్యాంకు కాగితం నింపి ఇచ్చిన బి.కాం. విద్యార్థినికి వడ్డీ పాఠం ఇక మరపునకు రాదు. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి వీధిలో తెలుగు అబ్బుతుంది. తెలుగువారికి ఉర్దూ అక్షరాలు పరిచయమవుతాయి. ఈ రెండు భాషల కళాశాలకు ఇంతకంటె గొప్ప పాఠశాల ఏది?

ఇది మా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 వేలకు పైగా విద్యార్థులను పరిశీలించి 2000 సంవత్సరంలో తమ ఫలితాలు ప్రకటించారు. సేవలో పాల్గొన్నవారి మార్కులు, వ్రాత, విమర్శనాత్మక ఆలోచన మెరుగుపడినట్లు తేలింది. శ్రద్ధగలవారే సేవకు వస్తారు గనుక ఈ ఫలితం వచ్చిందేమో అని సందేహించవచ్చు. కాని కళాశాలలో చేరిన నాటి వారి స్థితిగతులను లెక్కలోనికి తీసుకొన్న పిమ్మటనే వారు ఈ నిర్ణయానికి వచ్చారు. మరొక విశేషం: సేవను పాఠ్యాంశంతో ముడిపెట్టి, అనుభవాలను తమలో తాము చర్చించుకొన్నప్పుడు మేలు ఇంకా హెచ్చినది.

లోపం ఉన్నది సరిగ్గా ఇక్కడే. వరుసగా నిలబడి, చీపురు పట్టి, ఫొటో దిగి, సర్టిఫికెట్టు పుచ్చుకొనే సేవ వీధికీ మేలు చేయదు, విద్యార్థికీ మేలు చేయదు. పరీక్షల ముంగిట శిబిరం పెడితే చదువు దెబ్బతినడం నిజమే. కళాశాల విడిచిన తర్వాత దుకాణంలో పనిచేసి ఇల్లు నడిపే మిత్రుడు ఈ గంటలు ఇవ్వలేకపోతే అతనిని తక్కువగా చూడడమూ తగదు.

కనుక అధ్యాపకులకు మా విన్నపాలు మూడు. పరీక్షల నెలలో సేవా కార్యక్రమాలు వద్దు. ప్రతి పనినీ ఏదో ఒక పాఠంతో జోడించండి. పని ముగిసిన పిదప అరగంట కూర్చోబెట్టి ఏమి నేర్చుకొన్నారో అడగండి.

ఖిద్మతే ఖల్క్ అన్నా, మానవసేవ అన్నా పెద్దలు మాకు చిన్ననాడే నేర్పిన మాట ఒక్కటే. ఆ మాటను ఆచరించడానికి వారానికి రెండుంబావు గంటలు మాకు ఇవ్వండని తల్లిదండ్రులను కోరుతున్నాం. మార్కుల జాబితా వచ్చిన నాడు ఆ గంటల లెక్క మీ ముందు ఉంచుతాం. అందులో లోటు కనిపిస్తే నింద మాదే, సేవది కాదు.