పులి ఒక్కటే భయమా?

‘కొండపొలం’ నవల ఇతివృత్తం ఏమిటని అడిగితే పిల్లలు ‘ధైర్యం’ అని రాసి ఊరుకుంటారు. ఆ మాట అందించింది మనమే. తప్పు మనదే.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలలో చదువుకున్న కుర్రాడు గొర్రెల వెంట నల్లమలకు వెళ్లి భయం పోగొట్టుకుంటాడు. బాగుంది. కానీ అదే నల్లమల చెంచులకు ఇల్లు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఎదిగే కథ ఎలా ఉంటుంది? ఆదివాసీ ఉపాధ్యాయులం మనమే అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

మన రాజయ్యపేటనే చూడండి. బల్క్ డ్రగ్ పార్కు వద్దని 2025లో మత్స్యకారులు రోడ్డెక్కారు. వాళ్ల పిల్లలకు భయమంటే పులి కాదు, వేట పోవడం. ధైర్యమంటే ఏమిటో వాళ్లనే రాయనిద్దాం. గైడులో లేని ఆ జవాబుకే మార్కులు వేద్దాం.