దారి చెప్పే యంత్రం

ఆ మధ్య హైదరాబాదు నుంచి కారులో శ్రీశైలం బయలుదేరాం. వెంట పిల్లలు, డెబ్బయ్యేళ్ల మా అత్తగారు. కారుకు జి.పి.యస్. కొందామని మావారు అంటే, చేతిలో ఫోను వుండగా దండగ ఖర్చెందుకని నేనే అడ్డుపడ్డాను.

మన్ననూరు దాటి నల్లమలలో ప్రవేశించామో లేదో, సిగ్నలు పోయింది. మ్యాపు తెల్లకాగితమై, మధ్య నీలిచుక్క ఒక్కటే మిగిలింది! వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థానికి తిరగవలసిన మలుపు దాటిపోయి, మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది.

మరి ఆ చుక్క ఎలా మిగిలింది? మన చోటును పట్టి యిచ్చేవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు. నాలుగింటి సంకేతాలు అందితే చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ మీద ఆధారపడినది మ్యాపే.

కనుక యంత్రం కొనేవారు తెర ఎంత పెద్దదని చూడటం కాదు. మ్యాపు అందులోనే నిలవ వుంటుందా, మనం తిరిగే జిల్లాల రోడ్లు వున్నాయా, కొత్త మ్యాపులకు మళ్లీ డబ్బు కట్టాలా అని అడగాలి. మలుపులు తెలుగులో చెబితే మరీ సుఖం. ఎప్పుడో ఒకసారి ప్రయాణం చేసేవారు, ఇంట్లో వుండగానే ఆ ప్రాంతం మ్యాపును ఫోనులోకి డౌన్‌లోడు చేసుకుంటే సరిపోతుంది. మేమిప్పుడు చేస్తున్నది అదే.

ఆ అడవిదారిలో రాత్రిపూట వాహనాలను పోనివ్వరు. ఆ సంగతి టీకొట్టు ఆవిడ హెచ్చరించబట్టే వేళకు అడవి దాటాం. ఎంత మంచి యంత్రం కొన్నా, దారిలో మనిషిని అడగటం మాత్రం మానకండి.