ఏరు పట్టుకుని కొండదాకా

సెలవులొస్తే సైకిళ్లేసుకుని నాగలాపురం కొండలకు పోతామని మన పేటల పిలకాయలు పట్టుబడుతున్నారు. వద్దని ఇంట్లో అమ్మలు. ఇద్దరి మాటా న్యాయమే. పోనివ్వండనే నేనంటాను. కాకపోతే దారి తెలుసుకుని పోవాలి.

ఎన్నూరు నుంచి మీంజూరు, పొన్నేరి, పెరియపాళెం మీదుగా ఊత్తుకోటదాకా తారురోడ్డే. తోడుగా ఆరణి నది ఉంటుంది. తమిళంలో 'ఆరు' అన్నా, మనం 'ఏరు' అన్నా ఒకటే. చిత్తూరు వైపు కొండల్లో పుట్టి, పిచ్చాటూరు ఆనకట్ట దాటి, పొన్నేరి పక్కగా పోయి పులికాట్‌లో కలుస్తుంది. ఊత్తుకోట దగ్గరే కండలేరు కాలువ కనబడుతుంది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కాలంలో ఒప్పందమైతే, 1996లో కృష్ణ నీళ్లు పూండికి చేరినాయి. మద్రాసు తాగే నీళ్లలో అవీ ఉన్నాయని పిలకాయలకు చెప్పండి.

అది దాటితే ఆంధ్ర. సురుటుపల్లి గుళ్లో శివుడు పడుకుని ఉంటాడు, చూసి తీరాలి. ఆపైన నాగలాపురం. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు పెట్టిన ఊరంటారు. ఒక్క రోజులో పోయి రావాలని చూడొద్దు. మనలో చాలామందికి ఆ పక్క చుట్టాలున్నారు, రాత్రికి అక్కడ దిగండి.

అసలు కష్టం తెల్లారి మొదలవుతుంది. కొండదారిలో రాళ్లు, ఇసక, ముళ్లు. గేర్లు లేని సైకిలైతే ఎక్కుడులో దిగి తోసుకోవాల్సిందే, అందులో నామోషీ ఏం లేదు. గేర్లున్నవాళ్లు ఎక్కుడు రాకముందే తేలిక గేరుకు మార్చాలి. బరువు పడ్డాక మారిస్తే చైను తెగుతుంది. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారా, తలకిందులే. రెండూ కలిపి, కొంచెం కొంచెంగా పట్టండి. బయల్దేరే ముందే బ్రేకు కట్టెలు మార్పించండి. పంచరు సామాను, గాలి పంపు, తలా మూడు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ ఉండాలి. పుత్తూరు కట్టు దగ్గరే ఉందని ధైర్యం చేయొద్దు!

అటవీశాఖ అనుమతి లేనిది అడవిలోకి పోకండి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకు 20 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఈ వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి. మడుగుల్లో పిలకాయలు మునిగిపోయిన సంగతులు పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఈత రానివాడు గట్టు మీదే ఉండాలి. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం.

ఇంత కష్టం ఎందుకంటారా? మన వాకిట్లో సముద్రంలో కలిసే కుశస్థలి ఏట్లోకి నగరి కొండల నీళ్లే వస్తాయి. ఇక్కడి పిలకాయలు ఏరంటే బూడిద నీళ్లే అనుకుంటున్నారు. 2023 డిసెంబరు తుపానప్పుడు ఆ నీటి మీద నూనె తెట్టు చూశారు. రాళ్ల మధ్య అడుగు కనబడే నీళ్లు ఒక్కసారి చూస్తే, మన ఏరు ఎట్లా ఉండాలో వాళ్లకే తెలుస్తుంది. రేపు అడగాల్సినవాళ్లు వాళ్లే కదా.

నలుగురికి తక్కువైతే పంపకండి. ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో రాసిచ్చి పొమ్మనండి.